ఈసీఐఎల్ బోర్డు వెనక పాఠం

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. కంప్యూటర్ ఎలా వాడాలో పిల్లలకు ఎవరైనా నేర్పుతారు, ఆ కంప్యూటర్ మన బతుకుల్ని ఎలా మారుస్తోందో చెప్పడానికి నెట్‌లో పనికొచ్చేవి ఏమున్నాయి అని అడుగుతున్నారు. నేను హైదరాబాద్ సర్కారు బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడం గారూ, మౌలాలి దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతికి 'టెక్నాలజీ, సమాజం' మీద ప్రాజెక్టు ఇవ్వమన్నారు. నెట్‌లో వెతికితే 'సెల్‌ఫోన్ వల్ల లాభాలు, నష్టాలు' లాంటివే వస్తున్నాయి. పిల్లలు అవే ఎక్కించుకుని వస్తారు. పైగా చాలా ఇళ్లలో ఉన్నది ఒకటే ఫోను, అది కూడా నాన్న పని నుంచి వచ్చాకే వీళ్ల చేతికొస్తుంది. మంచి వెబ్‌సైట్ల పేర్లు నాలుగు చెప్పండి.
– ఉపాధ్యాయిని, మౌలాలి

జవాబు: చెబుతానమ్మా. కానీ ముందు ఒక ప్రశ్న పట్టుకోండి, సైట్లు ఆ తర్వాత. ప్రశ్న లేకుండా సైటు ఇస్తే పిల్లలు దాన్ని కాపీ కొడతారు, వాళ్ల తప్పు ఏమీ లేదు. మీ ప్రశ్న మీ బడి పక్కనే ఉంది.

మీ పిల్లలు రోజూ 'ఈసీఐఎల్' అని బోర్డు పెట్టుకున్న బస్సులు చూస్తారు. అదేమిటని అడిగి చూడండి. క్రాస్ రోడ్స్ అంటారు, బస్ స్టాప్ అంటారు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ 1967లో అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో పుట్టిన కంపెనీ. దేశమంతా మీట నొక్కి ఓటేసే ఈవీఎంలను తయారుచేసేవి రెండే ప్రభుత్వ సంస్థలు. ఒకటి బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్, రెండోది మీ పిల్లల బస్ స్టాప్. ఈ ఒక్క మాట చెప్పగానే క్లాసు సర్దుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు కథ మొదలుపెట్టండి. 1982లో కేరళలోని పరవూర్ అసెంబ్లీ ఎన్నికలో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి ఈవీఎం వాడారు. స్వల్ప తేడాతో ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కారు. 1984లో సుప్రీంకోర్టు ఆ 50 కేంద్రాల పోలింగ్‌ను కొట్టేసింది. కారణం యంత్రం చెడిపోవడం కాదు. చట్టంలో బ్యాలెట్ పత్రం అని ఉంది, యంత్రం మాటే లేదు. చట్టంలో లేని పద్ధతిని ఎన్నికల సంఘం సొంతంగా తేవడానికి వీల్లేదు అంది కోర్టు. మళ్లీ కాగితం మీద ఓట్లు వేయిస్తే ఓడినాయనే గెలిచారు. 1988 డిసెంబర్‌లో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, 61ఏ సెక్షన్ చేర్చాకే ఈవీఎంకు చట్టబలం వచ్చింది. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా అవే. యంత్రం సిద్ధమైనా, సమాజం ఒప్పుకుని చట్టం రాసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. మీ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు.

ఇక సైట్లు. ఆ తీర్పు 'ఇండియన్ కానూన్' అనే ఉచిత సైటులో ఉంది, ఏసీ జోస్ అనే పేరుతో వెతకండి. ఇంగ్లీషు కష్టంగానే ఉంటుంది. ఒక్క పేజీ ఎంచుకుని మీరే తెలుగులో చదివి వినిపించండి, కోర్టు ఎలా ఆలోచిస్తుందో పిల్లలు వినాలి. ఎన్నికల సంఘం సైటులో 1951–52 ఎన్నికల నుంచి ప్రతి ఎన్నిక గణాంక నివేదిక ఉంది. చాలామంది టీచర్లు దాన్ని తెరిచి కూడా చూడరు, నాకు బాధగా ఉంటుంది. అందులో మన తెలంగాణ పేజీలు రెండు తీయించండి.

ఒకటి 1996 నల్గొండ. లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు దేశానికి వినపడాలని వేసిన నామినేషన్లు అవి. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. రెండోది 2019 నిజామాబాద్. పసుపుకు ధర రాని రైతులు అదే దారి పట్టారు. అప్పటికి డిపాజిట్ 25,000. అయినా మొత్తం 185 మంది పోటీలో నిలిచారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లు పడతాయి. నోటాతో కలిపి ఎన్ని యూనిట్లు కావాలో పిల్లలనే లెక్క కట్టమనండి. 12 వస్తుంది, అక్కడ వాడినవీ 12. పాత రకం మెషిన్ 64 పేర్ల దగ్గరే ఆగిపోతుంది. ఎం3 అనే కొత్త రకం 384 దాకా మోస్తుంది కాబట్టి ఆ ఎన్నిక మెషిన్ మీదే జరిగింది.

ఇక్కడ అడగండి: నల్గొండ వాళ్ల నిరసన పోలింగ్‌నే ఆపింది, నిజామాబాద్ వాళ్ల నిరసనను మెషిన్ మింగేసింది. ఏది మంచిది? నామినేషన్ వేయడానికి 500 సరిపోయిన రోజులకూ, 25,000 కావాల్సిన రోజులకూ తేడా ఏమిటి? పిల్లలు పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనివ్వండి. ఓటరు తన ఓటును చీటీ మీద ఏడు సెకన్లపాటు చూసుకునే వీవీప్యాట్ యంత్రాన్ని 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి వాడారు. అది ఊరికే రాలేదు. మెషిన్‌ను నమ్మేదెలా అని ఏళ్లపాటు అడిగినవాళ్లు ఉన్నారు. 2010లో హైదరాబాద్ ఇంజనీరు ఒకాయన విదేశీ పరిశోధకులతో కలిసి ఈవీఎం భద్రత మీద పరిశోధన చేశారు. ఎన్నికల సంఘం తన సైటులో అనుమానాలకు వరసగా జవాబులు ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్లీ కాగితానికి వెళ్లాలన్న వాదనను తోసిపుచ్చింది. రెండు పక్షాల కాగితాలూ క్లాసులో పెట్టండి. మీ ఓటు ఎవరికో, మీ అభిప్రాయం ఏమిటో పిల్లలకు తెలియకూడదు.

ఒకటే ఫోను సంగతి. ఈ ప్రాజెక్టుకు పిల్లల దగ్గర నెట్ అక్కరలేదు. నివేదిక పేజీలు మీరు జిరాక్స్ తీయించండి. ఇంట్లో నానమ్మను, అమ్మమ్మను, పక్కింటి తాతను అడిగి రాసుకు రమ్మనండి: స్వస్తిక్ ముద్ర వేసి, కాగితం మడిచి డబ్బాలో వేసిన రోజులు ఎలా ఉండేవి, మీట నొక్కిన మొదటిసారి భయమేసిందా, ఎవరైనా పక్కన నిలబడి నొక్కించారా అని. నెట్‌లో దొరకనిది అదే, మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైనదీ అదే.

ప్రశ్న: అన్నీ ఇంగ్లీషులోనే కనిపిస్తున్నాయి. తెలుగు మీడియం పిల్లలకు ఏమైనా ఉన్నాయా?
– టీచర్, చాంద్రాయణగుట్ట

జవాబు: ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నవి మంచివి.

సైబర్ జాగ్రత్తల కోసం 'ఐసియా' అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉంది. దాని అవగాహన పనిని చూసేది మన హైదరాబాద్‌లోని సీడాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ. చిన్న పుస్తకాలు, పోస్టర్లు, బొమ్మల కథలు తెలుగులో కూడా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వాటిని గోడకు అంటించి వదిలేయకండి. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే 'డిజిటల్ అరెస్ట్' అనేది మన చట్టంలో ఎక్కడా లేదని, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని పిల్లలు ఇంటికెళ్లి పెద్దవాళ్లకు చెప్పేలా చేయండి. ఇళ్లలో మోసపోతున్నది ఎక్కువగా పెద్దవాళ్లే.

వాట్సాప్‌లో వచ్చినదల్లా నమ్మే అలవాటు మీద పనిచేయాలంటే ఫ్యాక్ట్‌లీ చూడండి. హైదరాబాద్ సంస్థే, నిజనిర్ధారణ కథనాలు తెలుగులో రాస్తారు. నేను చెప్పే పద్ధతి ఇది: కథనంలో తీర్పు ఉన్న భాగాన్ని మూసేసి, వైరల్ అయిన ఫొటో ఒక్కటే చూపించండి. నిజమా కాదా అని వెంటనే చేతులెత్తించకండి. ఇది నిజమో కాదో తెలియాలంటే ఎక్కడ వెతకాలి అని అడగండి. ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి పాత తేదీ పట్టుకోవడం పిల్లలు చాలా త్వరగా నేర్చుకుంటారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించింది కూడా ఇదే. నిజనిర్ధారణ చేసేవాళ్లు అనుమానం వచ్చిన పేజీలోనే కూర్చుని చదవరు, వెంటనే బయటికి వచ్చి ఆ పేజీ ఎవరిదో వేరేచోట్ల వెతుకుతారు. వాళ్లు తయారుచేసిన పాఠాలు 'సివిక్ ఆన్‌లైన్ రీజనింగ్' పేరుతో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషే గానీ, పద్ధతి ఏ భాషకైనా సరిపోతుంది.

తెలంగాణ పల్లె నుంచి వచ్చిన టెక్నాలజీ కథ కావాలంటే ఆసు యంత్రం చెప్పండి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు, చీర కోసం ఆసు పోస్తూ పోస్తూ, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ తిప్పుతూ, తల్లి భుజాలు పడిపోవడం చూసి, చదువు మధ్యలో ఆపేసిన మనిషి అయినా 1999లో యంత్రం పూర్తి చేశారు. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సైటులో దీని వివరాలు, ఇలాంటి ఇంకెందరో సామాన్యుల ఆవిష్కరణలు ఉన్నాయి. దాని పక్కన పెట్టి చదవడానికి పారి అనే సైటు ఉంది. పూర్తిపేరు పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టారు. పల్లె పనుల మీద కథనాలు, ఫొటోలు, తెలుగు అనువాదాలతో సహా దొరుకుతాయి. మగ్గం మీద బతికేవాళ్ల గురించి అక్కడ ఒకటి చదివించి, ఆసు యంత్రం భుజం నొప్పి తీర్చింది, మరి మరమగ్గం ఎవరికేం చేసింది అని అడగండి. యంత్రాలన్నీ ఒకటి కావని పిల్లలే చెబుతారు.

కేంద్రం వారి పాఠాల సైటు దీక్షా, తెలంగాణ ప్రభుత్వ పాఠాల టీవీ టీ-సాట్ మీకు తెలిసినవే. కరోనా రోజుల్లో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ ద్వారానే మన పిల్లలకు పాఠాలు అందాయి. సిలబస్‌కు చాలా బాగుంటాయి. ఇలాంటి చర్చలు నడపడానికి అవి చాలవని నా అభిప్రాయం.

చివరగా పెద్ద పిల్లలకు ఒకటి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయాయి, యాపిల్ సంస్థ హడావుడిగా అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. కోట్లమంది రాసే అక్షరాన్ని ఆ ఫోను అమ్మేముందు ఎవరూ సరిగా పరీక్షించలేదు. ఎందుకని? ఈ ఒక్క ప్రశ్నతో పీరియడ్ గడిచిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. హోంవర్క్ అంతా చాట్‌జీపీటీని అడుగుతున్నాడు. అది చెప్పిందే వేదం. తిడితే వినడు. ఏఐ అంటే ఏమిటో, ఎక్కడ తప్పుతుందో వాడికి అర్థమయ్యేలా చెప్పే సైటు ఏదైనా ఉందా? టెన్షన్‌గా ఉంది మేడం.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: టెన్షన్ పడకండి. తిట్టడం మానేసి, ఒక ఆదివారం పక్కన కూర్చోండి. చూసి నేర్చుకునేది కాదు, వాడి చేత్తో వాడే తయారుచేసేది ఒకటి ఉంది. గూగుల్ వారి టీచబుల్ మెషిన్. ఉచితం, లాగిన్ అక్కరలేదు, ల్యాప్‌టాప్‌కు కెమెరా ఉంటే చాలు. మీరు సేవ్ చేసి పంపితే తప్ప ఫొటోలు మీ కంప్యూటర్ దాటవు.

దాంట్లో రెండు గళ్లు పెట్టించండి. ఒకదానికి 'మా స్కూలు', రెండోదానికి 'వేరేవాళ్లు' అని పేరు. వాడు, వాడి స్నేహితులు యూనిఫాంలో ఉన్న ఫొటోలు మొదటిదాంట్లో. అమ్మ, మీరు, పక్కింటివాళ్లు మామూలు బట్టల్లో ఉన్నవి రెండోదాంట్లో. ట్రెయిన్ చేయమంటే నిమిషంలో అయిపోతుంది. ఇప్పుడు వాణ్ణి టీషర్టు వేసుకుని కెమెరా ముందుకు రమ్మనండి. 'వేరేవాళ్లు' అని చెప్పే అవకాశమే ఎక్కువ. మీరు ఆ యూనిఫాం చొక్కా మీ గుండెకు అడ్డంగా పట్టుకుని నిలబడండి, మిమ్మల్ని స్కూల్లో చేర్చుకుంటుంది. మెషిన్ మొహాలు నేర్చుకోలేదు, చొక్కా రంగు నేర్చుకుంది. అది కూడా ధీమాగా, శాతంతో సహా చెబుతుంది. మనం ఏం చూపిస్తే అదే దాని ప్రపంచమని అబ్బాయికి విడిగా చెప్పనక్కర్లేదు.

ఆ నవ్వులయ్యాక అసలు సంగతి చెప్పండి. 2018లో జాయ్ బువోలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు, మొహం చూసి ఆడా మగా చెప్పే పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లరంగు మగవాళ్ల విషయంలో తప్పు 0.8 శాతం మించలేదు. నల్లరంగు ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా పోయింది. కారణం మీ ఇంట్లో చొక్కా విషయంలో జరిగిందే. ట్రెయినింగ్‌కు వాడే ఫొటోల్లో వాళ్లు తక్కువ. మన నగరంలో మొహాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను పోలీసులు వాడటం మీద వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఇంటర్నెట్ ఫ్రీడం ఫౌండేషన్ వారు దేశంలో ఎక్కడెక్కడ ఈ పద్ధతి వాడుతున్నారో 'ప్రాజెక్ట్ పనాప్టిక్' అనే పేజీలో నమోదు చేస్తున్నారు. దొంగలు దొరుకుతారు కదా అని మీ అబ్బాయి అంటాడు, అననివ్వండి. టీషర్టు వేసుకున్న నువ్వు 'వేరేవాడివి' అయ్యావు కదా, పోలీసు ఫోనులో అలా అయితే ఎవరికి చెప్పుకుంటావు అని అడగండి.

చాట్‌జీపీటీ విషయానికొస్తే, వాడికి బాగా తెలిసినది అడగమనండి. మీ కాలనీ చరిత్ర, వాడి స్కూలు, మీ సొంతూరి జాతర. ఎక్కడ సరిగా చెప్పింది, ఎక్కడ కల్పించిందో ఎర్రపెన్నుతో దిద్దమనండి. తనకు తెలిసిన చోటే తప్పు చెబుతుంటే, తెలియని చోట ఎలా చెబుతోందో అన్న అనుమానం దానంతటదే పుడుతుంది. ఒక మాట కూడా: ఆ కంపెనీ నిబంధనల ప్రకారమే 13 ఏళ్లు నిండాలి, 18 లోపు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అంటే మీకు అడిగే హక్కు ఉంది. ఇంకా చిన్న పిల్లలుంటే కోడ్ డాట్ ఆర్గ్ సైటులో సముద్రంలో చేపలనూ చెత్తనూ వేరుచేయడం ఏఐకి నేర్పే ఆట ఉంది, అదీ ఉచితమే.

ప్రశ్న: నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో పిల్లలందరికీ ఒక లర్నింగ్ యాప్ పెట్టారు. దాని కోసం ఆధార్ కాపీ, ఫొటో, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు మమ్మల్నే సేకరించి ఎక్కించమంటున్నారు. నాకు ఇబ్బందిగా ఉంది, కానీ ఉద్యోగం.
– పేరు రాయవద్దు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ ఇబ్బంది న్యాయమైనది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలు గోప్యత మన ప్రాథమిక హక్కు అన్నారు. పిల్లలకూ వర్తిస్తుంది. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అన్నది, బడులకు కొన్ని మినహాయింపులకు వీలుంచినా. ఆధార్ లేదని పిల్లల్ని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని ఆధార్ సంస్థే 2018లో చెప్పింది. అలాంటప్పుడు లెక్కలు నేర్పే యాప్‌కు ఆధార్ ఎందుకు?

ఎదురుతిరగమని చెప్పను, మీ జీతం మీద ఇల్లు నడుస్తుంది. యాజమాన్యాన్ని మూడు విషయాలు రాతపూర్వకంగా, మర్యాదగా అడగండి: ఆధార్ ఏ పనికి కావాలి, వివరాలు ఎక్కడ దాస్తారు, పిల్లవాడు బడి మారితే తీసేస్తారా. ఇవ్వక తప్పదంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇమ్మని తల్లిదండ్రులకు చెప్పండి. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి అడిగితే మాటకు బరువుంటుంది.

క్లాసులో మాత్రం ఆ యాప్‌నే పాఠం చేయండి. ప్లేస్టోర్‌లో దాని పేజీ తెరిచి 'డేటా సేఫ్టీ' భాగం చూపించండి. ఏమేం తీసుకుంటోంది, ఎవరికి ఇస్తోంది, లొకేషన్ ఎందుకు. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2022లో 49 దేశాల్లోని 160కి పైగా చదువు యాప్‌లను, సైట్లను పరిశీలించి, దాదాపు 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చేలా ఉన్నాయని తేల్చింది. మన దీక్షా కూడా అందులో ఉంది. 2023 జనవరిలో రక్షణ లేని సర్వర్ వల్ల దీక్షాలోని లక్షలాది టీచర్ల, విద్యార్థుల వివరాలు బయటపడ్డాయన్న వార్త కూడా వచ్చింది. దీక్షాను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను, లాగిన్ కాకుండానే అందులో చాలా పాఠాలు చూడవచ్చు, అలాగే చూడమని చెబుతాను. ప్రభుత్వానిదైనా, ఉచితమైనా ఈ ప్రశ్నలు అడగాల్సిందే.

ప్రశ్న: బీఎడ్ ప్రాక్టీస్ టీచింగ్‌కు ఒక్క పీరియడ్‌లో అయిపోయే పాఠం కావాలి. ప్రొజెక్టర్ ఉంది.
– విద్యార్థిని, రామంతాపూర్

జవాబు: గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ ఉంది, 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలు ఏడాదికేడాది కదులుతాయి. మాదాపూర్ పెట్టండి. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, అక్కడి నుంచి రాళ్లగుట్టలు ఎలా కరిగాయో పిల్లలు మాటల్లేకుండా చూస్తారు. తర్వాత మీ రామంతాపూర్ పెద్దచెరువు, చిన్నచెరువు పెట్టండి. ఇస్రో వారి భువన్ పటాలు కూడా పక్కన చూపండి, అవి తయారయ్యేది మన బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీలో అని చెప్పడం మరవకండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల చుట్టూ పది కిలోమీటర్లలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111 జీవో ఇచ్చారు, 2022లో దాన్ని సడలిస్తూ 69 జీవో ఇచ్చారు. ఎందుకు పెట్టారు, ఎందుకు సడలించారు అని రెండు జట్లుగా వాదించమనండి. మీ పరిశీలకురాలికి నచ్చుతుంది. ముందురోజే ఆ స్కూలు నెట్ ఒకసారి చూసుకోండి, లేకపోతే స్క్రీన్ రికార్డింగ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మా, టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యాను. టెక్నాలజీ గురించి మాట్లాడమని మనవరాలి బడి నుంచి పిలిచారు. ఈ కాలం పిల్లలకు నేనేం చెప్పను?
– ఒక తాతయ్య, చిక్కడపల్లి

జవాబు: బాబాయి గారూ, తప్పకుండా వెళ్లండి. పైన నేను చెప్పిన సైట్లలో ఏదీ మీరు చెప్పగలిగింది చెప్పలేదు. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కూర్చోవడం, ఆపరేటర్ మధ్యలో 'త్రీ మినిట్స్' అనడం, ఫోను కనెక్షన్‌కు ఏళ్లు ఆగడం, వీధి చివర పసుపు బోర్డు ఎస్టీడీ బూతు. తేదీలు మూడు గుర్తు పెట్టుకోండి: దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి; మనకొచ్చిన కాల్‌కూ మనమే డబ్బు కట్టే పద్ధతి పోయింది 2003లో; టెలిగ్రాం ఆగిపోయింది 2013 జూలైలో. ఎవరి ఇంట్లో ఫోను ఉండేది, ఎవరు ఎవరింటికి వెళ్లి చేసుకునేవాళ్లు, చావు కబురు ఎలా అందేది, లైన్‌మన్‌ను జనం ఎలా చూసేవాళ్లు, ఇవి చెప్పండి. ఉపన్యాసం వద్దు. పావుగంట చెప్పి, మిగతా సమయం పిల్లల ప్రశ్నలకు వదలండి. పాత డయల్ ఫోను గానీ, టెలిగ్రాం కాగితం గానీ ఇంట్లో ఉంటే పట్టుకెళ్లండి, పిల్లలు దాన్ని తిప్పి చూడాలి.

మనవరాలి చేత అంతా రికార్డు చేయించండి. టీచరూ మీరూ ఒప్పుకుంటే దాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టవచ్చు, ఉచితంగా దాచుతారు, రేపు ఇంకో ఊరి టీచర్ వెతికితే తెలుగులో ఒకటి దొరుకుతుంది. అందులో పిల్లల పేర్లు, మొహాలు రాకుండా చూడండి. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టమని చెప్పండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ తెగిపోతుంది.